రోగి నోరు కట్టేస్తే క్యాన్సర్ మాడదు

సంపాదకులకు నమస్కారం.

మా పిన్నికి అండాశయ క్యాన్సర్ అని తేలిన వారంలోనే ఇంట్లో నెయ్యి డబ్బా అటకెక్కింది. తర్వాత పాలు, పెరుగు, పంచదార, చివరికి పప్పులో పోపు కూడా మానేశారు. దీనంతటికీ కారణం ఫోన్లో వచ్చిన ఒక వీడియో. క్యాన్సర్ కణం కొవ్వు తిని బతుకుతుందట, కొవ్వు ఆపేస్తే అది చచ్చిపోతుందట. మూడో కీమోకి వెళ్లేసరికి పిన్ని 9 కిలోలు తగ్గింది. ఇంత నీరసంలో మందు ఎక్కించలేమని డాక్టరు వెనక్కి పంపారు. తిరిగొచ్చే దారిలో బాబాయి ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన చేసిందంతా ఆవిడ మీద ప్రేమతోనే.

నేను ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం పాఠాలు చెప్పాను. ఆ వీడియోలో సగం నిజం ఉంది. ఒక కణం రెండు కావాలంటే కొత్త పొర కావాలి, ఆ పొర ఎక్కువగా కొవ్వుతోనే తయారవుతుంది. అండాశయ క్యాన్సర్ కణాలైతే పేగుల మీద దుప్పటిలా పరుచుకుని ఉండే కొవ్వులోకి చేరి, అక్కడి కొవ్వు కణాల నుంచి నేరుగా కొవ్వు ఆమ్లాలు, అంటే కొవ్వు విడిపోతే వచ్చే ముక్కలు, గుంజుకుంటాయని చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో చూపించారు.

మిగతా సగం ఎవరూ చెప్పడం లేదు. మన ఒంట్లో చాలా కణాలు తమకు కావలసిన కొవ్వును రక్తం నుంచి తీసుకుంటాయి. సొంతంగా తయారుచేసే పని ముఖ్యంగా కాలేయానిది. క్యాన్సర్ కణం మాత్రం ఆ తయారీని తనలోనే మొదలుపెట్టుకుంటుంది. గ్రేస్ మెడెస్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఈ సంగతిని 1953లోనే గమనించారు. గ్లూకోజ్ లాంటి వాటి నుంచి వచ్చిన రెండేసి కర్బనాల ముక్కలను ఒకదాని వెనక ఒకటి అతికిస్తూ, ఫ్యాటీ యాసిడ్ సింథేజ్ అనే ఎంజైము (కణంలో రసాయన మార్పులు జరిపే ప్రోటీను) 16 కర్బనాల పామిటిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లాన్ని తయారుచేస్తుంది. రొమ్ము, ప్రొస్టేట్ క్యాన్సర్లలో చాలాసార్లు ఈ ఎంజైము మామూలు కన్నా బాగా ఎక్కువగా ఉంటుంది. మిగిలిన కొవ్వును కణం చిన్న చిన్న బొట్లుగా దాచుకుని, కరువులో వాడుకుంటుంది. ఇలా తనే వండుకుని, తనే దాచుకునే దాన్ని మన పోపు గరిటె ఏం చేయగలదు?

పైగా మనిషిని పస్తు పెడితే ఒళ్లు తన సొంత కొవ్వును కరిగించుకుంటుంది. ఆ కొవ్వు ఆమ్లాలు రక్తంలోకే వస్తాయి. క్యాన్సర్ కణానికి కావలసింది ఏదో ఒక దారిన దొరుకుతూనే ఉంటుంది, కండ కరిగేది మాత్రం రోగికి.

ఈ తయారీని ఆపాలన్న ఆలోచన తప్పు కాదు. కానీ ఆపాల్సింది మందు, కంచం కాదు. కణానికి కావలసినదాన్ని మందుతో అడ్డుకోవడం కొత్తేమీ కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం తయారుచేసిన మందుతోనే 1940లలో సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో లుకేమియా పిల్లలకు చికిత్స చేశారు. ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను కణం వాడుకోకుండా ఆ మందు అడ్డుపడింది. కొవ్వు తయారుచేసే ఎంజైమును అడ్డుకునే మందులు కూడా ఇప్పుడు రోగుల మీద ప్రయోగ దశలో ఉన్నాయి.

ఊబకాయం వల్ల కొన్ని రకాల క్యాన్సర్ల ముప్పు పెరుగుతుందన్నది నిజమే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు బరువు చూసుకోవాల్సిందే. కీమోలో ఉండి రెండు ఇడ్లీలు కూడా తినలేని మనిషికి ఆ సలహా వర్తించదు.

2024 నవంబరులో మాజీ క్రికెటర్ నవజోత్ సింగ్ సిద్ధూ తన భార్య క్యాన్సర్ ఆహార నియమాలతో తగ్గిందని చెప్పినప్పుడు, టాటా మెమోరియల్ ఆస్పత్రిలో పనిచేస్తున్న, గతంలో పనిచేసిన 262 మంది క్యాన్సర్ వైద్యులు, ఆ మాటలకు రుజువు లేదని, చికిత్స ఆలస్యం చేయొద్దని ప్రకటన ఇచ్చారు. మా ఫ్యామిలీ గ్రూపులో మొదటి మాట పదిసార్లు వచ్చింది. డాక్టర్ల ప్రకటన ఒక్కసారి కూడా రాలేదు.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. క్యాన్సర్ ఓపీ ఉన్న ప్రతి ఆస్పత్రిలో డైటీషియన్ కూర్చోవాలి. మొదటి కీమో రోజునే ఏం పెట్టాలో, ఎంత పెట్టాలో తెలుగులో రాసిన కాగితం ఇంటివాళ్ల చేతిలో పెట్టాలి. షుగర్ ఉన్నవాళ్లకు వేరేగా చెప్పాలి. డాక్టరు గదిలో ఐదు నిమిషాల్లో ఇవన్నీ అడగలేం, బయటికొచ్చాక ఫోనే దిక్కవుతోంది.

మీరు కూడా ఆరోగ్యం పేజీలో వారానికోసారి డైటీషియన్ చేత పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాయించండి. మొదటి ప్రశ్న నాదే: కీమో తర్వాత నోరంతా పుళ్లు పడి, అన్నం వాసనకే వికారం వచ్చే మనిషికి ఏం పెట్టాలి?

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్చరర్,
తాడేపల్లిగూడెం