మా గుంటడు మూడు మాత్రలు మింగేశాడు

ఒరేయ్,

ముందు తిట్టాల్సినన్ని తిట్లు తిట్టేసుకో, ఆ తర్వాత చదువు. రాస్తాను రాస్తాను అని నిన్ను ఊరించి ఊరించి ఇన్నాళ్లకి కూర్చున్నాను. ఫోన్లో చెప్పెయ్యొచ్చు కదా అంటావు, చెప్పలేనురా. సగం చెప్పేసరికి నువ్వు నీ సూరత్ ట్రాఫిక్ గొడవ ఎత్తుకుంటావు, నా కథ అక్కడే చచ్చిపోతుంది. పైగా ఇవి మహాలయ పక్షాలు, పట్టు చీర కొనడానికి పురుగు కూడా రాదు, షాపులో నేనూ ఫ్యానూ తప్ప ఎవరం లేం.

ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తా. అమ్మ మోకాలు అలాగే ఉంది. మీ అమ్మగారు అడిగిన ఫొడా కుంభం అంచు (గుడి గోపురాల వరస) చీర మగ్గం దిగింది, దసరా లోపల పంపిస్తా, ఆవిడ వంకాయ రంగు అన్నారు కానీ ఇది కొంచెం ఎర్రగా తేలింది, ముందే ఆవిడ చెవిన వెయ్యి. అప్పడాలు ఈసారి డబ్బాలో పెట్టి పంపిస్తా. నల్ల గొడుగు కేసు ఇంకా తేలలేదు, ముద్దాయి ఊళ్లోనే తిరుగుతున్నాడు. అంతే.

ఇక అసలు విషయం. మా గుంటడు, అదే అక్క కొడుకు, స్టేజి ఎక్కాడు! బ్యాండ్‌లో డ్రమ్స్. నీకు గుర్తున్నది మా డాబా మీద నీళ్ల ట్యాంకు మోగించి మీ నాన్నగారి మధ్యాహ్నం నిద్ర చెడగొట్టినవాడు. వాడికిప్పుడు 16 ఏళ్లు, ప్లస్ టూ, మీసం వస్తోందని వాడి నమ్మకం.

ఎక్కడ మొదలైందో నీకు తెలుసు, నువ్వూ ఉన్నావు. ఆ ఏడు మన బరంపురం ఠాకురాణి యాత్రలో అమ్మవారు దేశీబెహరా వీధిలో పుట్టింటికొచ్చిన రోజులు, వీడు పులి వేషాల వెనకాల పడి మాయమైపోయాడు, మనం బడాబజార్ అంతా గాలించాం, నీ చెప్పు తెగింది, అక్క రోడ్డు మీదే ఏడుపు. తీరా చూస్తే ఒక అరుగు దగ్గర ఢోలు వాయించే తాతల మధ్య కూర్చుని ఉన్నాడు. ఒకాయన వాడి చేతికి పుల్లిచ్చి కొట్టనిస్తున్నాడు, పక్కన ఇంకొకాయన మహూరి, అదే వాళ్ల సన్నాయి, ఊదుతున్నాడు, పసుపు రంగు పూసుకున్న పులి ఒకటి తోక చేత్తో పట్టుకుని బీడీ కాల్చుకుంటోంది. ఇంటికి తెచ్చాక అక్క రెండు తగిలించింది. వాడు ఏడుస్తూనే అన్నం కంచం మీద అదే దరువు. అప్పుడే బావకి చెప్పాను, వీడిని ఎక్కడైనా చేర్పించు, లేకపోతే ఇంట్లో గిన్నెలు మిగలవు అని.

తర్వాతిది నువ్వు సూరత్ వెళ్లిపోయాక. మన వీధి చివర భజన మందిరం మాస్టారి దగ్గర మృదంగానికి వేశాం. ఆయన చాలా కాలం వాడిని మృదంగం ముట్టుకోనివ్వలేదు. నోటితోనే. తకిట తకధిమి, తకిట తకధిమి, మూడూ నాలుగూ ఏడు, మిశ్ర చాపు, తొడ మీద చేత్తో లెక్క. గుంటడు స్నానాల గదిలో అదే, పాల ప్యాకెట్లకి వెళ్తూ అదే. నోట్లో పలకని దరువు చేతిలోకి రాదు అంటాడాయన. (నీ రెండున్నర తాళం సంగతి ఆయనకి చెప్పాను. నవ్వలేదు. పైగా ఆ అబ్బాయి ఇప్పుడు ఏం చేస్తున్నాడు అని జాలిగా అడిగాడు.)

డ్రమ్ సెట్ మాత్రం చర్చిలో దొరికింది. వాడి క్లాస్‌మేట్ వాళ్ల చర్చిలో సెట్ ఉంది, శనివారం సాయంత్రాలు వీళ్లని ప్రాక్టీస్ చేసుకోనిచ్చారు, మంచివాళ్లు. ఇంట్లో సెట్ కొనే స్తోమత ఎక్కడిది, కొన్నా పక్కింటివాళ్లు ఊరుకుంటారా. అందుకని చెక్క మీద లారీ ట్యూబు ముక్క మేకులతో బిగించుకున్నాడు, అదే ప్యాడ్. ఫోన్లో మెట్రోనోమ్, అదే టిక్ టిక్ మని లెక్క కొట్టేది, నిమిషానికి 60 దగ్గర పెట్టుకుని కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ. పారడిడిల్ అంటారట. గంటల తరబడి అదే చప్పుడు, మనిషికి పిచ్చెక్కుతుంది. 60లో శుభ్రంగా రానిది 120లో వస్తుందా మావయ్యా అని నాకే పాఠం. ఎడం చెయ్యి బలహీనంగా ఉందని పళ్లు తోముకోవడం, తల దువ్వుకోవడం, తాళం తియ్యడం అన్నీ ఎడం చేత్తో మొదలెట్టాడు. ఒకరోజు పూజలో ప్రసాదం కూడా ఎడం చేత్తో పంచాడు, మా అమ్మ చేతిలో ఉన్న గంట వాడి నెత్తిన మోగింది.

శివమణి వీడియోలు చూసి బకెట్లు, సూట్‌కేసు, బిస్లరీ డబ్బా అన్నీ పరిచి వాయించేవాడు. వేగం చూస్తే కళ్లు తిరిగేవిరా, నిజం, మేనల్లుడని చెప్పట్లేదు. కాలేజీలో ఒక ఫంక్షన్‌లో సోలో కొట్టాడు, పిల్లలు ఈలలు. అక్కడే ఒక మెలోడీ పార్టీ, అదే పాటల ఆర్కెస్ట్రా, వాళ్లు చూసి రమ్మన్నారు. ఐదుగురు. కీబోర్డు మనవాడే, తెలుగు కుర్రాడు. గిటార్ ఒడియా అబ్బాయి. పాడేది ఛత్రపురం నుంచి వచ్చే నర్సింగ్ చదివే అమ్మాయి, ఆమెకు తోడు ఒక మగ గొంతు. వీళ్లందరికీ పెద్ద బేస్ గిటార్ భాయ్, నలభై దాటిన మనిషి, పగలు మోటార్లకి వైండింగ్ చేస్తాడు, సాయంత్రం చేతులు కడుక్కుని బేస్ పట్టుకుంటాడు, అయినా గోళ్లలో నలుపు పోదు.

మొదటి రిహార్సల్‌కి నేనే బండి మీద దింపాను. లోపలికి రావద్దు మావయ్యా అన్నాడు, నేను కిటికీ దగ్గర నిలబడ్డాను, ఊరుకుంటానా. మొదటి పాట. గుంటడు తన దగ్గరున్న సరుకంతా అందులోనే దింపేశాడు. ప్రతి లైను చివరా టామ్‌ల మీద, అంటే పక్క డ్రమ్ముల మీద, దొర్లించడం, లైను మధ్యలో కూడా క్రాష్ అని ఆ పెద్ద ఇత్తడి పళ్లెం మీద ఒకటి. ఆ అమ్మాయి చరణం ఎత్తుకోబోయి రెండుసార్లు ఆగిపోయింది. నాకు బ్రహ్మాండంగానే ఉంది, బయట చప్పట్లు కూడా కొట్టబోయాను. బేస్ భాయ్ మాత్రం పాట ఆపించి, ఏమీ అనకుండా, స్పానర్ తీసుకుని టామ్‌లు రెండూ ఊడదీశాడు. ఫ్లోర్ టామ్ ఎత్తి మూలన పెట్టాడు. క్రాష్ విప్పి గుడ్డలో చుట్టి మంచం కిందకి తోశాడు. వాడి ముందు కాలితో కొట్టే కిక్కూ, ఎదురుగా ఉండే స్నేరూ, జంట పళ్లేల హైహ్యాటూ, మూడే మిగిలాయి. అప్పుడు నోరు తెరిచి ఒకటే మాట, "ఆగ శుణ్, తాపరే బజా." ముందు విను, ఆ తర్వాతే వాయించు అని.

వాడి మొహం చూడాలి నువ్వు! దారంతా మాట్లాడలేదు. ఇంటికొచ్చి దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాడు. నా స్పీడ్ చూసి వాళ్లకి కుళ్లు, రేపటినుంచి వెళ్లను అన్నాడు. నాకూ ఒళ్లు మండింది, ఏమనుకుంటున్నాడు వీడు, మా వాడి చెయ్యి చూశాడా అని. బావ ఒక్కడికే ఆనందం, హాయిగా చదువుకుంటాడులే అని.

కానీ వెళ్లాడు. ఎందుకు వెళ్లావురా అంటే చెప్పలేదు. భాయ్ వాడిచేత డ్రమ్స్ కంటే పాటలే ఎక్కువ పాడించాడట. మోకాళ్ల మీద దరువేస్తూ ప్రతి పాటా మొత్తం పాడాలి, మాటలతో సహా. గుంటడు ఓ నోటుబుక్కు పెట్టాడు. అందులో ఒడియా పాటలు, హిందీవి, తెలుగువి, అన్నీ తెలుగు లిపిలోనే రాసుకుని, ఆ అమ్మాయి ఎక్కడెక్కడ ఊపిరి తీసుకుంటుందో అక్కడ పెన్సిల్‌తో చిన్న కొక్కెం గుర్తు. పుస్తకం నిండా కొక్కేలే. మా అమ్మ చూసి, ఇవి ఏం లెక్కలురా, పచారీ కొట్టు పద్దులా అంది.

జాకిర్ హుస్సేన్ అంటే వాడికి ప్రాణం కదా. 2024 డిసెంబరులో ఆయన పోయారని తెలిసిన రోజు వాడు ప్యాడ్ బయటికి తియ్యలేదు, అన్నం కూడా సరిగా తినలేదు, ఆ సాయంత్రం ఇల్లంతా ఎంత బోసిగా ఉందో. ఆయన సోలోలన్నీ వీడికి కంఠతా. ఆ సంగతి తెలిసి భాయ్ ఏమన్నాడో తెలుసా, సోలోలు తర్వాత చూద్దువు, ముందు శివకుమార్ శర్మ సంతూర్ పక్కన ఆయన ఎంతసేపు చేతులు కట్టుకుని కూర్చుంటాడో అది చూడు అని. నేనూ చూశానురా ఆ వీడియో. ఆలాపన సాగుతూనే ఉంటుంది, తబలా ముందే ఉంటుంది, ఆయన ముట్టుకోడు, తల ఊపుతూ వింటుంటాడు. నేనైతే… సరే అది వేరే కథ, టైం లేదు.

వినాయక చవితికి ఒక వీధి మండపంలో ప్రోగ్రాం. వాన, నెత్తిన టార్పాలిన్, దాని బొజ్జలో నీళ్లు నిండి ఎప్పుడు పడతాయో అని కీబోర్డు కుర్రాడు అటే చూస్తున్నాడు. మొదట ఒడియాలో గణపతి పాట, తర్వాత మన తెలుగు పాటలు రెండు, ఆ తర్వాత హిందీ. గుంటడు ఆ మూడు ముక్కలతోనే. చేతులు పైకి లేవట్లేదు, హైహ్యాట్ చిక్‌చిక్ అని, స్నేర్ వేళకి వేళ. నా పక్కన కూర్చున్నాయన, డ్రమ్స్ కుర్రాడికి అంత రానట్టుందే అన్నాడు. నేనేం మాట్లాడలేదు. మాట్లాడలేదంటే నమ్ముతావా? నమ్మవు. ఒక మాట అన్నాను, వదిలెయ్.

ఇంతలో ఓ పాత పాట, దాద్రా తాళం. ఆరు మాత్రలు, అంటే ఆవర్తానికి ఆరు లెక్కలు, ధా ధి నా ధా తి నా, మూడూ మూడూ. నువ్వు వినాల్సింది ఇక్కడేరా, జాగ్రత్తగా చదువు. పల్లవి అయింది, మధ్యలో కీబోర్డు మీద వేణువు బిట్టు నడుస్తోంది. అది ఇంకా సగం ఆవర్తం ఉంది. ఆ అమ్మాయికి ఏం తోచిందో, మానిటర్‌లో, అదే పాడేవాళ్ల ముందుండే స్పీకర్లో, సరిగా వినపడలేదో, మూడు మాత్రల ముందే చరణం ఎత్తేసింది! అంటే ఆమె ఒకటి అనుకున్న చోట వీళ్లందరికీ నాలుగు. అలాగే సాగితే పాటంతా తలకిందులు. రికార్డు చేసిన దరువు లూపు పెట్టి ఆడించే పార్టీలైతే అక్కడితో అయిపోయేది, యంత్రం ఎవరి కోసమూ ఆగదు కదా.

గుంటడు ఆ క్షణానికి ఆమెనే చూస్తున్నాడు. మైకు పైకి లేచింది, భుజాలు లేచాయి, ఊపిరి తీసుకుంది, కొక్కెం ఉండకూడని చోట కొక్కెం! వీడి చెయ్యి హైహ్యాట్ మీద గాల్లోనే ఆగింది. ఆ మూడు మాత్రలూ మింగేశాడు. ఆమె నోట మొదటి అక్షరం పడేసరికి కిక్ ధమ్మని కింద పడింది, వెంటనే స్నేర్ మీద ఒక్కటి, టక్, అంత గట్టిగా ఆ రాత్రి ఇంకెక్కడా కొట్టలేదు. ఇదిగో ఒకటి ఇక్కడ ఉంది రండి అని పిలిచినట్టు. భాయ్ వాడి వైపు తల కూడా తిప్పలేదు, వేళ్లు మాత్రం అక్కడికే వచ్చి పడ్డాయి. గిటార్ రెండో ఆవర్తంలో అందుకున్నాడు. కీబోర్డు కుర్రాడు ఒక లైనంతా గాల్లో వేలాడి, టార్పాలిన్ మీంచి కళ్లు దించుకుని, తర్వాత దిగాడు. పాట ఎక్కడా ఆగలేదు. జనానికి ఏం జరిగిందో తెలియలేదు. పక్కాయన శనగలు నములుతూనే ఉన్నాడు. నాకు తెలిసింది, ఎందుకంటే ఆ పాట వాడు మా ఇంట్లో మోకాళ్ల మీద ఎన్నిసార్లు పాడాడో, నాకూ నోటికొచ్చేసింది. గుండె ఆగినంత పనైందిరా. అక్కని మోచేత్తో పొడిచాను, ఏమైంది అంది, ఏం చెప్పను.

దిగాక ఆ అమ్మాయి వాడి దగ్గరకొచ్చి తన చెవులు పట్టుకుని నవ్వింది, వాడు సిగ్గుతో కేబుళ్లు చుడుతున్నట్టు నటించాడు. భాయ్ మెచ్చుకుంటాడేమో అని నేను దగ్గరకెళ్లి నిలబడ్డాను. ఆయన బేస్ కవర్‌లో పెట్టుకుని, వాడి చేతిలో 300 రూపాయల కవర్ పెట్టి, నాలుగో పాటలో పరిగెత్తావు, రేపు అది చూద్దాం అని వెళ్లిపోయాడు. నిజం చెప్పనా, ఏం మనిషిరా బాబూ అనిపించింది. గుంటడు మాత్రం అవును మావయ్యా పరిగెత్తాను అన్నాడు, అంత తేలిగ్గా! ఏడుస్తాడేమో అనుకుంటే ఆకలేస్తోంది అన్నాడు. ఆ 300లో 100 మాస్టారికి ఇచ్చొచ్చాడు, మిగతాదాంతో కొత్త స్టిక్స్ జత అంటున్నాడు, 5ఏ సైజు, పాతవి అంచులు చీలిపోయాయి.

మొన్న రిహార్సల్‌కి వెళ్తే ఊడదీసిన టామ్‌లలో ఒకటి మళ్లీ సెట్‌కి బిగించి ఉందట. ఒక్కటే. క్రాష్ ఇంకా గుడ్డలోనే. వాడు ఆ టామ్‌ని ఆ సాయంత్రమంతా ఒక్కసారి కూడా ముట్టుకోలేదని కీబోర్డు కుర్రాడు చెప్పాడు. పొగరో భయమో నాకైతే తెలియదు.

ఇప్పుడు నీతో పని. దసరాకి పర్లాకిమిడిలో ప్రోగ్రాం ఉంది, రాత్రి అక్కడే ఉండిపోవాలి. బావ ససేమిరా అంటున్నాడు, ప్లస్ టూ పాడైపోతుంది, స్టేజీలు తిరిగితే కూడు పెడతాయా అని. ఆయన మాటలోనూ తప్పు లేదు, భాయ్‌ని చూస్తే తెలుస్తోంది కదా, ఇంత విద్య ఉండి పగలంతా మోటార్లు చుట్టుకుంటున్నాడు. కానీ ఒక్క రాత్రేగా. నేను చెప్తే బావ వినడు, నువ్వంటే ఆయనకి గౌరవం, ఎందుకో ఇప్పటికీ అర్థం కాదు, బహుశా అరటిపళ్ల సంగతి ఆయనకి ఎవరూ చెప్పి ఉండరు. ఆదివారం పొద్దున్నే ఫోన్ చెయ్యి, ఆయన టీ తాగే టైంలో, పేపరు చేతికి రాకముందే. చదువు గురించి ముందు నాలుగు మాటలు మాట్లాడి మెల్లిగా

కొరియర్ కుర్రాడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, ఇవాళ్టి సంచీలో పడకపోతే మళ్లీ సోమవారమే. వీడియో అక్క ఫోన్లో ఉంది, సగం నుంచి తీసింది, పంపించమంటాను. ఆదివారం, మర్చిపోకు.

ఉంటానురా.