ల్యాబును వదిలేసి ప్రాజెక్టు పూర్తయిందంటే ఎలా?

హైదరాబాదు,
2025 నవంబరు 17.

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
మాదాపూర్, హైదరాబాదు.

విషయం: మా కంపెనీ ఐటీ ఆధునికీకరణ పనిని సగంలో వదిలేసి, పూర్తయిందని చివరి బిల్లు పంపడం గురించి ఫిర్యాదు.

అయ్యా,

జీనోమ్ వ్యాలీలోని మా మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ విభాగం బాధ్యత నాది. ఏ బ్యాచ్ అయినా గేటు దాటాలంటే మా ల్యాబ్ ఫలితం ఉండాలి. ఆ ఫలితం పుట్టేదీ, లెక్కకట్టేదీ, దాచేదీ కంప్యూటర్లలోనే. ఆ కంప్యూటర్లు, సర్వర్లు, నెట్‌వర్క్ బాగా పాతబడ్డాయనే నిరుడు మీ కంపెనీతో ఒప్పందం చేసుకున్నాం. పోయిన నెలాఖరున మీవాళ్లు ప్రాజెక్టు పూర్తయిందని లెటర్ పెట్టి, దానికి చివరి బిల్లు కూడా జత చేశారు. పని ముగిసిందని మా వైపు నుంచి సంతకం చేయాల్సినవాళ్లలో నేనూ ఉన్నాను. సంతకం చేయలేదు. ఎందుకు చేయలేదో మీ ప్రాజెక్టు మేనేజరు గారికి మీటింగుల్లో చెబుతూనే వచ్చాను. ఆయన మర్యాదగా విన్నారు, రాసుకున్నారు. పని మాత్రం కదల్లేదు. అందుకే నేరుగా మీకు రాయాల్సి వచ్చింది.

జరిగిన పని జరగలేదని అనను. మెయిల్ క్లౌడ్‌కు మార్చారు, బాగానే నడుస్తోంది. అకౌంట్స్, హెచ్ఆర్ వాళ్లకు కొత్త కంప్యూటర్లు వచ్చాయి. బోర్డు రూములో పెద్ద స్క్రీన్ మీద డాష్‌బోర్డు పెట్టారు. పెద్దల కంటికి కనబడేవన్నీ కొత్తవయ్యాయి. మందు మంచిదా కాదా అని తేల్చే కంప్యూటర్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. నా ఫిర్యాదంతా దీని గురించే.

అన్నిటికన్నా ముందు బ్యాకప్ సంగతి చెప్పాలి. సెప్టెంబరులో ఒక విదేశీ కస్టమర్ తరఫున ఆడిటర్లు వచ్చారు. మూడేళ్ల కిందటి బీపీ మాత్రల బ్యాచ్ నంబరు ఒకటి చెప్పి, దాని అస్సే పరీక్ష (మాత్రలో మందు ఎంతుందో తేల్చేది) ఒరిజినల్ క్రొమాటోగ్రామ్, అంటే యంత్రం గీసిన గ్రాఫు, చూపించమన్నారు. ప్రింటు చూపిస్తే సరిపోదు. సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, గ్రాఫులో ఏ పీక్‌ను ఎలా ఇంటిగ్రేట్ చేశారు (దాని వైశాల్యం ఎలా లెక్కకట్టారు), తర్వాత ఎవరైనా మార్చారా, మారిస్తే కారణం ఏం రాశారు అన్నది చూపించాలి. అలా అడిగే హక్కు వాళ్లకుంది. ఆ మందు గడువు ఇంకా తీరలేదు. గడువు తీరాక కూడా మరో ఏడాది ఆ రికార్డును మేము భద్రంగా ఉంచాలి.

ఆ డేటా మీరు పెట్టిన బ్యాకప్ సర్వర్‌లో ఉందని మీ నెలవారీ రిపోర్టులు చెబుతున్నాయి. ప్రతి రిపోర్టులోనూ పచ్చటి టిక్కు ఉంది. మీ ఇంజనీరు వచ్చి, ఆడిటర్ల ఎదుటే రిస్టోర్ చేశారు, అంటే బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చారు. ఫోల్డర్లు వచ్చాయి, ఫైళ్ల పేర్లు వచ్చాయి. సాఫ్ట్‌వేర్‌లో తెరవబోతే ఒక్కటి కూడా తెరుచుకోలేదు. కాన్ఫరెన్స్ రూములో ఎవరూ మాట్లాడలేదు. ఆడిటరు పెన్ను తీసి రాసుకోవడం మొదలుపెట్టారు.

కారణం తర్వాత తేలింది. మందులోని పదార్థాలను విడదీసి కొలిచే మా హెచ్‌పీఎల్‌సీ యంత్రం సాఫ్ట్‌వేర్, డిటెక్టర్ నుంచి వచ్చే సిగ్నల్‌ను ఫైళ్లలో పెడుతుంది. ఏ ఫైలు ఏ శాంపిల్‌ది, ఏ మెథడ్‌తో లెక్కకట్టారు, ఎవరి లాగిన్‌తో చేశారు, ఆడిట్ ట్రయల్‌లో (ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చెప్పే చిట్టాలో) ఏముంది అన్నవన్నీ వేరే డేటాబేస్‌లో ఉంటాయి. ఈ రెండూ కలిస్తేనే ఫలితం. మీవాళ్లు రాత్రిపూట ఫోల్డర్లను కాపీ చేసే స్క్రిప్టు ఒకటి పెట్టి వెళ్లారు. రాత్రి కూడా ల్యాబ్ నడుస్తుంది కాబట్టి డేటాబేస్ ఫైలు లాక్ అయి ఉంటుంది. స్క్రిప్టు దాన్ని వదిలేసి మిగతావి కాపీ చేసి, చివర్లో సక్సెస్ అని రాసుకుంది. పెట్టినప్పటి నుంచీ ఇదే తంతు. ఒక్కసారి వెనక్కి తెచ్చి తెరిచి చూసినా మొదటి వారంలోనే బయటపడేది. యూరప్ జీఎంపీ (మందుల తయారీ ప్రమాణాల) నిబంధనల్లో కంప్యూటర్ల గురించిన అనెక్స్ 11, బ్యాకప్ తీస్తే చాలని చెప్పదు. తీసినదాన్ని తిరిగి తేగలమో లేదో వ్యాలిడేషన్ సమయంలోనూ, ఆ తర్వాత క్రమం తప్పకుండానూ చూడాలని చెబుతుంది. 2011 నుంచి ఇప్పుడున్న రూపంలో అమల్లో ఉన్న నిబంధన అది. మన ఒప్పందంలోనూ రిస్టోర్ టెస్టింగ్ అని ఒక పద్దు ఉంది, దానికి డబ్బు కూడా కట్టాం. ఆ టెస్టు చేసిన కాగితం ఒక్కటి చూపించమని అడిగితే మీవాళ్ల దగ్గర లేదు.

ఆ రోజు మమ్మల్ని గట్టెక్కించింది హెచ్‌పీఎల్‌సీ పక్కనున్న పాత కంప్యూటరే. దాని హార్డ్ డిస్క్‌లో ఒరిజినల్ డేటా ఇంకా ఉంది కాబట్టి చూపించగలిగాం. అంటే ఏళ్ల తరబడి చేసిన పరీక్షలకు మిగిలిన ఆధారం ఆ ఒక్క డిస్కే. అది కూడా కొంతకాలంగా శబ్దం చేస్తోంది. ఈ మాట రాస్తుంటేనే నాకు టెన్షన్‌గా ఉంది. మీకు కూడా ఉండాలని కోరుకుంటున్నాను.

ఇక గడియారాలు. ల్యాబులో పాత కంప్యూటర్ల మదర్‌బోర్డు బ్యాటరీలు అయిపోయాయి. కరెంటు పోయి వస్తే కొన్నింటిలో తేదీ ఎక్కడికో వెనక్కి పోతుంది. మిగతావి ఒకటి ముందు, ఒకటి వెనక. ఒక శాంపిల్ ఫలితం లిమ్స్‌లో (ల్యాబ్ ఫలితాలన్నీ నమోదయ్యే సాఫ్ట్‌వేర్‌లో) ఉదయం 10:05కి ఆమోదం పొందినట్టు ఉంటే, అదే శాంపిల్ ఇంజెక్షన్ హెచ్‌పీఎల్‌సీలో 10:12కి మొదలైనట్టు ఉంది. చూసేవాళ్లకు పరీక్ష మొదలుకాకముందే ఫలితం రాసినట్టు కనబడుతుంది. మా రంగంలో ఇంతకు మించిన అనుమానం ఉండదు. అనలిస్ట్ చేత్తో టైమ్ సరిచేయకూడదు, ఆ నిబంధన సరైనదే. కాబట్టి ప్రతిసారీ డీవియేషన్, అంటే పద్ధతి తప్పిందన్న నివేదిక, రాయాలి. ఏ తప్పూ చేయని పిల్లలు, ఉద్యోగంలో చేరి రెండేళ్లు కూడా కాని వాళ్లు, క్యూఏ (క్వాలిటీ అస్యూరెన్స్) ముందు నిలబడి సంజాయిషీ రాసిస్తున్నారు. కంప్యూటర్ గడియారాలన్నీ ప్రభుత్వ సంస్థలైన ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో కలిపి నడపాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలిచ్చింది. ఆఫీసు కంప్యూటర్లకు మీవాళ్లు ఆ సెట్టింగ్ చేశారు. ల్యాబు దాకా వచ్చేసరికి ఎందుకు ఆగిపోయారో ఇప్పటికీ నాకు జవాబు లేదు.

ఆ పాత కంప్యూటర్లలో ఇప్పటికీ విండోస్ 7 ఉంది. దానికి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2020 జనవరి 14నే ముగిసింది. లిమ్స్ నడిచేది విండోస్ సర్వర్ 2012 ఆర్2 మీద. దాని గడువు 2023 అక్టోబరు 10న అయిపోయింది. మీరు ఆ సర్వర్‌ను ఉన్నదున్నట్టుగా కొత్త హార్డ్‌వేర్ మీద వర్చువల్ మెషీన్‌గా (కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌లా) పెట్టి, మైగ్రేషన్ పూర్తి అని బిల్లు వేశారు. లోపల అదే ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్), అదే డేటాబేస్. గడువు తీరిన మందుకు కొత్త లేబుల్ అంటిస్తే మా రంగంలో దాన్ని నేరం అంటారు. మీరు చేసినదానికి కూడా నాకు వేరే పేరు తోచడం లేదు. ఆఫీసుకు ఈ ఏడాదే ఇచ్చిన కొత్త కంప్యూటర్లలో వేసింది విండోస్ 10, దాని సపోర్టు పోయిన నెల 14తో ముగిసింది. ఆ తేదీ ఎప్పటినుంచో అందరికీ తెలిసిందే.

ల్యాబ్ సిస్టమ్స్ ఎందుకు మార్చలేదని అడిగితే మీవాళ్లు ఎప్పుడూ చెప్పేది ఒకటే, అవి వ్యాలిడేటెడ్ సిస్టమ్స్ (సరిగా పనిచేస్తాయని పరీక్షించి, కాగితం మీద రుజువు చేసినవి), ముట్టుకుంటే మళ్లీ వ్యాలిడేషన్ చేయాలి అని. ఈ మాట మాకు చెప్పాల్సింది కాదు. వ్యాలిడేషన్ అంటే యంత్రాన్ని అలాగే వదిలేయమని అర్థం కాదు. చేంజ్ కంట్రోల్ (ఏం మారుస్తామో ముందే రాసి అనుమతి తీసుకునే పద్ధతి) తెరవాలి, రిస్క్ ఎంతో చూడాలి, అవసరమైన పరీక్షలు మళ్లీ చేసి కాగితం మీద పెట్టాలి, అప్పుడు మార్చాలి. మేము తయారీలో రోజూ చేసేది అదే. ఎలక్ట్రానిక్ రికార్డుల మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పార్ట్ 11 నిబంధనలు 1997 నాటివి. అప్పటి నుంచి ఓఎస్‌లు ఎన్నో మారాయి, ప్రపంచమంతా కంపెనీలు ల్యాబులను మార్చుకుంటూనే వచ్చాయి. మా హెచ్‌పీఎల్‌సీ తయారీదారు దగ్గర కొత్త విండోస్ మీద నడిచే వెర్షన్ ఉంది. కొటేషన్ కూడా తెప్పించి మీవాళ్లకు ఇచ్చాం. ఆ ఫైలు ఎక్కడుందో మీరే కనుక్కోండి.

నిజంగా మార్చలేని పరికరాలు ఒకటి రెండు ఉన్నాయి, ఒప్పుకుంటాను. వాటిని మిగతా నెట్‌వర్క్ నుంచి వేరు చేయమని ఒప్పందంలోనే రాశాం. ఈ రోజుకీ క్యాంటీన్ బిల్లింగ్ మెషీన్, గేటు దగ్గర సీసీ కెమెరాలు, మా హెచ్‌పీఎల్‌సీ కంప్యూటర్లు ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి. కొత్త ఫైర్‌వాల్ పెట్టారు, నిజమే. అందులో ల్యాబుకు సంబంధించిన రూల్ తీసి చూస్తే ఎవరు ఎక్కడికైనా వెళ్లవచ్చని ఉంది. టెస్టింగ్ కోసం తాత్కాలికంగా పెట్టామని చెప్పారు. టెస్టింగ్ అయిపోయి నెలలు దాటింది, రూల్ అలాగే ఉంది. పాత కంప్యూటర్లు ఫైళ్లు పంచుకోవడానికి ఎస్ఎంబీ 1 అనే పాత పద్ధతి ఇంకా తెరిచే ఉంది. 2017 మేలో వనాక్రై అనే కంప్యూటర్ వైరస్ ప్రపంచాన్ని చుట్టేసింది సరిగ్గా ఆ దారిలోనే. దానికి ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) రెండు నెలల ముందే వచ్చింది, వేసుకోని వాళ్లు దెబ్బతిన్నారు. ఆ జూన్‌లోనే నాట్‌పెట్యా అనే మరో వైరస్ వచ్చి మెర్క్ లాంటి అమెరికా మందుల మహా కంపెనీ తయారీనే దెబ్బతీసింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే ఆ కంపెనీ గార్డసిల్ టీకాలను అమెరికా ప్రభుత్వ నిల్వల నుంచి అరువు తెచ్చుకోవాల్సి వచ్చింది. అంత దూరం ఎందుకు, 2020 అక్టోబరులో మన హైదరాబాదులోని ఒక పెద్ద మందుల కంపెనీయే సైబర్ దాడి జరిగిందని డేటా సెంటర్ సేవలన్నీ వేరు చేసి పెట్టుకుంది. అంత పెద్దవాళ్లకే తప్పనిది మాకు తప్పుతుందని ఏ ధైర్యంతో అనుకోవాలి?

స్టెబిలిటీ చాంబర్ల మానిటరింగ్ కూడా మీరు ఒప్పుకున్న పనే. 30 డిగ్రీలు, 75 శాతం తేమలో ఏళ్ల తరబడి శాంపిళ్లు పెడతాం, మందుకు గడువు ఎంత ఇవ్వాలో వాటిని బట్టే తేలుతుంది. ఆదివారం రాత్రి చాంబర్ ట్రిప్ అయితే మా ఫోన్లకు మెసేజ్ రావాలి. ఇప్పటికీ రావడం లేదు. నైట్ షిఫ్ట్ వాళ్లు టార్చ్ పట్టుకుని వెళ్లి రిజిస్టర్‌లో రీడింగ్ రాస్తున్నారు. చాంబర్ ప్రింటర్ నుంచి వచ్చే థర్మల్ కాగితం కొన్ని నెలలకే వెలిసిపోతుంది కాబట్టి ప్రతి చీటీకీ జిరాక్స్ తీసి, రెండింటినీ కలిపి పిన్ను కొట్టి, సంతకం పెట్టి దాస్తున్నాం. ఒక మనిషి రోజులో సగం పని ఇదే.

ఇంకొకటి. లాగిన్లు. ఎవరి లాగిన్ వాళ్లకు ఇస్తామన్నారు. రెండు పరికరాల మీద షిఫ్ట్ మొత్తానికీ ఇప్పటికీ ఒకే లాగిన్. ఫలితం ఎవరు చేశారో రికార్డులో తేలకపోతే అది ఎంత మంచి ఫలితమైనా విలువ లేదు.

నేను కోపంతో రాస్తున్నానని మీకు అనిపించవచ్చు. కోపం ఉంది. మా మాత్రలు వేసుకునేవాళ్లకు మా సర్వర్ ఏ ఓఎస్ మీద ఉందో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. పట్టీ మీద రాసిన మోతాదు లోపల ఉందని నమ్ముతారు. ఆ నమ్మకానికి చివరి కాపలా మా ల్యాబ్. మా ల్యాబ్ చేతిలో మీరు సరిగా చేయని పని పెట్టి, అయిపోయింది సంతకం చేయమంటే నేను చేయలేను.

మాకు కావలసింది ఇది. డిసెంబరు 5లోగా మా క్యూఏ వాళ్ల ముందు రిస్టోర్ టెస్టు జరగాలి. పాత బ్యాచ్‌లలో మేము చెప్పినవాటిని, మేము చెప్పిన కంప్యూటర్‌లో తెరిచి, ఆడిట్ ట్రయల్‌తో సహా చూపించాలి. అంతకన్నా ముందు, ఈ వారంలోనే, ఆ శబ్దం చేస్తున్న డిస్కుకు డేటాబేస్‌తో కలిపి పూర్తి కాపీ తీయాలి. ఫైర్‌వాల్‌లో ఆ రూల్ తీసేయడానికి, ల్యాబ్ గడియారాలు కలపడానికి కొత్తగా ఏదీ కొనాల్సిన పని లేదు. చేంజ్ కంట్రోల్ కాగితాలు మా వైపు సిద్ధం చేసి పెట్టాం, మీ ఇంజనీరు రావడమే ఆలస్యం. లిమ్స్ సర్వర్, హెచ్‌పీఎల్‌సీ కంప్యూటర్ల అప్‌గ్రేడ్‌కు, చాంబర్ అలారాలకు, లాగిన్లకు తేదీలతో, బాధ్యుల పేర్లతో ప్రణాళిక ఇవ్వాలి. మందుల తయారీ ప్రమాణాలపై మన దేశ నిబంధన అయిన సవరించిన షెడ్యూల్ ఎం కింద మా స్థాయి కంపెనీలకు ఇచ్చిన గడువు డిసెంబరు 31తో ముగుస్తుంది. ఇన్‌స్పెక్టర్లు వస్తే కంప్యూటర్ సిస్టమ్స్ గురించి కూడా అడుగుతారు, కాబట్టి ప్రణాళిక వేసేటప్పుడు ఆ తేదీని గుర్తుపెట్టుకోండి. వచ్చేవాళ్లలో ఒక్కరైనా మందుల ల్యాబులో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లు ఉండాలి. ఇంతకుముందు వచ్చిన పిల్లలు చురుకైనవాళ్లే, కానీ ఆడిట్ ట్రయల్ అంటే ఏమిటో వాళ్లకు ఇక్కడ మేమే చెప్పాల్సి వచ్చింది.

పని పూర్తయ్యేదాకా చివరి బిల్లు చెల్లించవద్దని మా ఫైనాన్స్ విభాగానికి రాతపూర్వకంగా చెప్పాను. రిస్టోర్ టెస్టింగ్, నెట్‌వర్క్ విభజన పద్దుల కింద ఇదివరకే తీసుకున్న మొత్తం గురించి మా లీగల్ విభాగం మీకు వేరుగా రాస్తుంది. ఈ లేఖకు నవంబరు 28లోగా మీ సంతకంతో జవాబు కావాలి. ప్రాజెక్టు మేనేజరు గారి మెయిల్ వస్తే దాన్ని జవాబుగా తీసుకోము.

ఇట్లు,
విభాగాధిపతి, క్వాలిటీ కంట్రోల్,
జీనోమ్ వ్యాలీ, శామీర్‌పేట.

ప్రతులు: మా కంపెనీ క్వాలిటీ అస్యూరెన్స్, ఐటీ, ఫైనాన్స్, లీగల్ విభాగాలకు.
జతపరచినవి: సెప్టెంబరు నాటి రిస్టోర్ విఫలమైన రికార్డు, ఫైర్‌వాల్ రూల్ ప్రింటు, గడియారాల తేడాపై డీవియేషన్ నకళ్లు, హెచ్‌పీఎల్‌సీ సాఫ్ట్‌వేర్ కొటేషన్ నకలు.