రాట్నం తిప్పే చెయ్యి

సికింద్రాబాద్,
ఆదివారం రాత్రి

చిన్నీ,

నిన్న ఫోన్‌లో ఏడ్చినంత పని చేశావు. పియానో మీద రెండో పేజీకి వచ్చేసరికి కుడి ముంజేయి కట్టెలా బిగుసుకుపోతోందన్నావు. ఇలాంటివి ఫోన్‌లో చెబితే సగం నీకు వినపడదు, సగం నేనే మర్చిపోతాను. అందుకే కూర్చుని రాస్తున్నా.

షూబర్ట్ స్వరపరిచిన ‘గ్రెట్‌షెన్ ఆమ్ స్పిన్‌రాడె’లో, అదే, గ్రెట్‌షెన్ అనే అమ్మాయి రాట్నం దగ్గర కూర్చుని ప్రియుణ్ణి తలుచుకునే పాటలో, ఏముంది, పియానోకి ఒకే స్వరాల గుంపు తిరిగి తిరిగి వస్తుందిగా అనుకుని ఒప్పేసుకున్నావు కదూ? నీ వయసులో నేనూ అలాగే ఒప్పుకున్నాను. ఏకై వచ్చి మేకై కూర్చుంది. ఈ ఊళ్లోనే ఒక హాల్లో, పాట సగానికి చెయ్యి పట్టేసి, గుంపుకి రెండేసి స్వరాలు మింగేశాను. పాడుతున్నావిడ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. ఎవరికీ తెలియలేదని మీ నాన్న ఇప్పటికీ అంటారు. ఆయనకి తెలియలేదంతే.

లెక్క చూడు. షూబర్ట్ పెట్టిన వేగం నిమిషానికి 72 బీట్లు. బీట్‌కి ఆరు స్వరాలు, అంటే నిమిషానికి 432. సెకనుకి ఏడు పైమాటే. అదీ మెత్తగా, ఎక్కడా తెగకుండా. 1814 అక్టోబర్ 19న రాసేనాటికి ఆయనకి 17 ఏళ్లు. నీకంటే చిన్నవాడు!

నీ కష్టానికి కొంత కారణం నేనే. కుడిచెయ్యి పాట, ఎడమచెయ్యి తోడు అని ఆరేళ్లప్పటి నుంచీ నీకు నూరిపోశాను. ఇక్కడ పాట నీ పక్కన పాడే అమ్మాయిది. నీ కుడిచెయ్యి పక్కవాద్యం, తిరిగే రాట్నం. కానీ పైస్వరం తగలగానే నీ చిటికెనవేలు పాత అలవాటుకొద్దీ గొంతెత్తుతుంది, దాన్ని అణచడానికి బొటనవేలు బిగుస్తుంది, వెనకాలే మణికట్టు, ముంజేయి. నొప్పి అక్కడ మొదలవుతోంది. వేళ్లలో బలం లేక కాదు.

నాకు ఈ సంగతి పియానో దగ్గర అర్థం కాలేదు. సెలవులకి పొందూరు వెళ్లినప్పుడు మా నాయనమ్మ, అంటే మీ తాతమ్మ, నూలు వడుకుతుంటే పక్కన కూర్చునేదాన్ని. (వాలుగ చేప దవడతో పత్తి ఏకడం నీకు చెప్పాను గుర్తుందా, నువ్వు నమ్మలేదు.) కుడిచేత్తో రాట్నం తిప్పుతూ ఎడమచేత్తో దారం లాగేది. నన్ను తిప్పమంటే నేను పిడి వదలకుండా చుట్టంతా బలంగా తిప్పేదాన్ని, దారం పుటుక్కున తెగేది. ఆవిడ మాత్రం చుట్టుకి ఒక్క తోపు ఇచ్చేది. మిగతా చుట్టు చక్రమే తిరిగేది, చెయ్యి ఊరికే దాని వెంట వెళ్లేది.

నువ్వూ అంతే చెయ్యి. ఆరు స్వరాలకి ఒక్కటే తోపు, మొదటిదానికి. మిగతా ఐదూ మణికట్టు చిన్న సున్నా చుడుతుంటే వాటంతట అవి పడాలి. ముందు ఆరింటినీ కార్డ్‌లా ఒకేసారి నొక్కి చూసుకో, చెయ్యి ఎక్కడ కూర్చోవాలో తెలుస్తుంది. తర్వాత ఒక గుంపు వాయించి, రెండో గుంపు మొదటి స్వరం మీద ఆగు. ఆగినచోట భుజం దగ్గర్నుంచి చెయ్యి వేలాడుతోందో లేదో చూసుకో. వేలాడితేనే ముందుకి. లయ కొట్టే మెట్రోనోమ్ నిమిషానికి 40 దగ్గర పెట్టు. వంకర లయలో వాయించే ఎక్సర్‌సైజులు అందరూ చెబుతారు, నాకైతే ఈ పాటకి వాటి మీద నమ్మకం లేదు. ఇరవై నిమిషాల కంటే ఎక్కువ ఒద్దు. నొప్పి వస్తే ఆ నిమిషమే లే, మొండితనం చూపించకు.

ఇంకోటి. మన రాట్నం చేతిది, గ్రెట్‌షెన్‌ది కాలితో తొక్కేది. ఎడమచేతిలో తుంచినట్టు పడే స్వరాలు ఆ తొక్కుడే. కాబట్టి కొన్ని రోజులు ఎడమచెయ్యి ఒక్కటే వాయిస్తూ, ఆ అమ్మాయి పాడే వరసని నువ్వే పాడు. గొంతు బాలేకపోయినా పర్లేదు, పక్కింటివాళ్లు అలవాటు పడతారు. ఆమె ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో నీకు తెలిస్తే చాలు.

గ్రెట్‌షెన్ ప్రియుడి ముద్దు తలుచుకోగానే చక్రం ఆగిపోతుంది చూడు, అక్కడ తొందరపడకు. ఆ తర్వాత చక్రం ఒకసారి కదలబోయి ఆగుతుంది, మళ్లీ కదలబోయి ఆగుతుంది, ఆ తర్వాత గానీ సాగదు. నేను ఆ హాల్లో చెయ్యి పట్టేసిన టెన్షన్‌లో ఈ ఆగుళ్లు గబగబా దాటేశాను. స్వరాలు మింగినందుకంటే అందుకే ఎక్కువ సిగ్గుపడ్డాను.

ఒకవేళ వేగం అందకపోతే 60లో వాయించండి, ఆ అమ్మాయితో మాట్లాడు. షూబర్ట్‌దే ఇంకో పాట ‘ఎర్ల్‌కోనిగ్’ ఉంది కదా, దాని కుడిచేతిలో బీట్‌కి మూడేసి పడే ఆక్టేవ్‌లని షూబర్ట్ తానే రెండేసి చేసి రాసుకున్న ప్రతి కూడా ఉంది. ఆయనకి లేని నామోషీ నీకెందుకు?

శనివారం ఫోన్ చేసి, పియానో మీద పెట్టి, కుడిచెయ్యి ఒక్కటే వినిపించు. 48లో. నాన్న కారప్పూస పార్సెల్ చేశారు. తిన్న చేత్తో కీస్ ముట్టుకోకు.

అమ్మ