స్థలం కొలతల్లో ఐమూల కొలత కూడా ఉండాలి

సంపాదకులకు నమస్కారములు.

మా నెల్లూరు జిల్లాలో ఇళ్ల స్థలాలను ఇప్పటికీ అంకణాల లెక్కనే కొంటున్నారు, అమ్ముతున్నారు. ఇక్కడ అంకణం అంటే 72 చదరపు అడుగులు. బేరమంతా అంకణం ధర మీదే నడుస్తుంది కాబట్టి, స్థలం ఎన్ని అంకణాలన్నది తేల్చడంలో వచ్చే కొద్దిపాటి తేడా కూడా కొనేవారి మీద పెద్ద భారమే వేస్తుంది. ఆ తేడా ఎక్కడ పుడుతోందో, బడిలో అందరమూ చదువుకున్న రేఖాగణితంతో దాన్ని ఎలా పట్టుకోవచ్చో పాఠకులకు చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

నాలుగు మూలలూ లంబకోణాలైతే స్థలం దీర్ఘచతురస్రం; పొడవును వెడల్పుతో గుణిస్తే వైశాల్యం వచ్చేస్తుంది. పంటకాలువ గట్టునో, వంపు తిరిగిన రోడ్డు పక్కనో ఉన్న స్థలాలకు ఆ అదృష్టం ఉండదు. అలాంటి చోట చాలామంది ఎదురెదురు భుజాలను కూడి సగం చేసి, ఆ రెండు సగటులను గుణించి, వచ్చిన సంఖ్యనే వైశాల్యంగా రాసేస్తున్నారు. దీర్ఘచతురస్రం కాని ఏ స్థలానికైనా ఈ పద్ధతి అసలు వైశాల్యం కంటే ఎక్కువే చూపుతుంది, ఒక్కసారి కూడా తక్కువ చూపదు. క్రీ.శ. 628 నాటికే బ్రహ్మగుప్తుడు దీన్ని ఉజ్జాయింపు లెక్కగా మాత్రమే చెప్పి, సూక్ష్మమైన లెక్కకు వేరే సూత్రం ఇచ్చాడు. మనం మాత్రం ఆ ఉజ్జాయింపునే నమ్మి లక్షలు చెల్లిస్తున్నాము.

ఒక ఉదాహరణ చూడండి. రెండు భుజాలు 60 అడుగుల చొప్పున, మిగిలిన రెండూ 40 అడుగుల చొప్పున ఉన్న స్థలం ఒక పక్కకు వాలి సమాంతర చతుర్భుజంగా ఉందనుకుందాం. పై పద్ధతిలో అది 2,400 చదరపు అడుగులు, అంటే 33 అంకణాల పైమాటే. కానీ 60 అడుగుల భుజాల మధ్య లంబదూరం 36 అడుగులే ఉంటే అసలు వైశాల్యం 2,160 చదరపు అడుగులు, సరిగ్గా 30 అంకణాలు. లేని మూడు అంకణాలకు పైగా నేలకు కొనేవారు డబ్బు కడుతున్నారన్నమాట.

నాలుగు భుజాల పొడవులు తెలిసినంత మాత్రాన చతుర్భుజం ఒక ఆకారానికి కట్టుబడి ఉండదు. దాన్ని గీయడానికి ఐదు కొలతలు కావాలని బడిలోనే చదువుకున్నాం. త్రిభుజానికైతే మూడు భుజాలు చాలు, ఇక అది కదలదు. చెక్క గేటుకు ఐమూలగా ఒక బద్ద కొట్టేది ఇందుకే. కాబట్టి స్థలం కొలిచేటప్పుడు ఒక మూల నుంచి ఎదుటి మూలకు టేపు లాగి కర్ణాన్ని కూడా కొలవాలి. అప్పుడు స్థలం రెండు త్రిభుజాలవుతుంది. మిగిలిన రెండు మూలల నుంచి ఆ కర్ణం మీదికి లంబదూరాలు కొలిచి, వాటిని కూడి, కర్ణంతో గుణించి సగం చేస్తే నిజమైన వైశాల్యం తేలుతుంది. గ్రామ సర్వే రికార్డుల్లోని ఎఫ్‌ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్, అంటే భూమి కొలతల పుస్తకం) పటాలు తయారైనది కూడా ఈ కర్ణాలు, లంబాల పద్ధతిలోనే.

మన తాపీమేస్త్రీలకు ఇది కొత్త విద్య కాదు. పునాదికి ముగ్గు పోసే ముందు మేస్త్రీ మూల మేకు నుంచి ఒక దారం మీద 3 అడుగుల దగ్గర, రెండో దారం మీద 4 అడుగుల దగ్గర గుర్తు పెట్టి, ఆ గుర్తుల మధ్య సరిగ్గా 5 అడుగులు వచ్చేదాకా దారాన్ని అటూ ఇటూ జరుపుతాడు. యజ్ఞవేదికల కోసం బౌధాయనుడు శుల్బసూత్రాల్లో చెప్పిన కర్ణ నియమమే అది. ఆ తర్వాత గది రెండు కర్ణాలూ సమానంగా ఉన్నాయో లేదో మూలకు మూల కొలిచి చూసుకుంటాడు. ఇందులో అంగుళం తేడా వచ్చినా, రేపు చీమకుర్తి గ్రానైటు పలకలు పరిచేటప్పుడు గోడ వారన ఉన్న వరుసను ఏటవాలుగా కోయక తప్పదు. గది విషయంలో మేస్త్రీ చూపే ఈ జాగ్రత్త స్థలం కొనేటప్పుడు ఎవరూ చూపకపోవడం నన్ను ఎంతో బాధిస్తోంది.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటే. కర్ణం, లంబం, వైశాల్యం అనే మాటలను నల్లబల్ల మీద వదిలేయకుండా, పిల్లల చేతికి ఒక టేపు, నాలుగు మేకులు, ఒక దారం ఉండ ఇచ్చి బడి ఆవరణను కొలిపించండి. ఒంకరగా ఉన్న ఆవరణ అయితే మరీ మంచిది.

రిజిస్ట్రేషన్ శాఖ కూడా ఆలోచించవలసిన విషయం ఒకటుంది. దస్తావేజు షెడ్యూలులో నాలుగు హద్దులు, నాలుగు వైపుల కొలతలు రాస్తున్నారు. ఆ నాలుగింటితో పాటు ఒక కర్ణం కొలత కూడా తప్పక రాయాలని, జతపరిచే ప్లానులో ఆ గీతను చూపాలని నిబంధన పెడితే, అదనపు ఖర్చేమీ లేకుండానే వైశాల్యాన్ని ఎవరైనా సరిచూసుకోవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు,
కోవూరు, నెల్లూరు జిల్లా.