కొండ దారిలో తోడొచ్చిన పెద్దాయనకు

మొన్న ఆదివారం పాత కోట నుంచి మా ఐదుగురినీ క్షేమంగా కిందికి దించిన పెద్దాయనా, ఆ కంగారులో మీ పేరైనా అడగలేదు. అందుకే ఇలా నలుగురి ముందు చెప్పుకుంటున్నాను.

ఏడేళ్లు పరాయి దేశంలో ఉండి వచ్చినవాణ్ణి. స్నేహితులతో ఒక రోజంతా తిరగాలని, సొంత దేశాన్ని తీరిగ్గా చూసుకోవాలని బయలుదేరాను. దిగేటప్పుడు దారి తప్పాం, ఒకరి కాలు మడతపడింది, చీకటి పడుతోంది. మీరు నెత్తిమీది కట్టెల మోపు దించి, భుజం మీది తువ్వాలు చింపకుండానే మడమకు బిగించి కట్టారు.

ఆ సాయం ఒక్కటే అయినా జన్మంతా గుర్తుంచుకునేవాణ్ణి. కానీ దారిలో ఒక బండ దగ్గర ఆగి, అంచున వరుసగా ఉన్న చిన్న గుంటలను నా చేత వేలితో తడిమించారు. వెనకటి రాతిపనివారు ఆ గుంటల్లో ఎండు కొయ్య మేకులు దిగగొట్టి నీళ్లు పోసేవారని, కొయ్య నాని ఉబ్బి బండను చీల్చేదని చెప్పారు. గుంటల లోపల ఎంత నునుపు! చిన్నప్పుడు ఆ బండ మీదే కూర్చుని, అవి వానకు పడ్డవనుకున్నాను. పరాయి చోట ప్రతి రాయి చరిత్రా ఓపిగ్గా చదివాను. మన రాయిని చదవడం మీరు నేర్పారు.

మా వాడి కాలు నయమైంది. తువ్వాలు ఉతికి మడతపెట్టి ఉంచాను. వచ్చే ఆదివారం పొద్దున్నే ఐదుగురం ఆ బండ దగ్గరే ఉంటాం.