ఇళ్ల అద్దెలు, అమ్మకపు ధరల అసలు లెక్కలు ప్రజల ముందు పెట్టండి: గృహ నిర్మాణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన గృహ నిర్మాణ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. ఈ ఏడాది కాలంలో ఇళ్ల మార్కెట్టును నేను మూడు వైపుల నుంచీ చూడవలసి వచ్చింది. పదకొండేళ్లుగా అద్దె ఇంట్లో ఉంటున్నాను. సొంత ఇల్లు కొనుక్కుందామని ఏడాదిగా తిరుగుతున్నాను. నాన్నగారు పోయాక ఒక్కతే ఉండలేక మా దగ్గరికి వచ్చేసిన అమ్మ ఫ్లాటును అమ్మే బాధ్యత కూడా నా మీదే పడింది. అద్దెదారుగా, కొనేవాడిగా, అమ్మేవాడిగా నాకు ఎదురైన ఇబ్బంది ఒక్కటే. ఫలానా వీధిలో, ఫలానా పరిమాణంలో ఉన్న ఇల్లు నిజంగా ఎంతకు అద్దెకు పోయిందో, ఎంతకు అమ్ముడుపోయిందో చూపించే నమ్మదగిన లెక్క నాకు ఎక్కడా దొరకలేదు. ధర చెప్పేవాళ్లకు కొదవ లేదు, లెక్క చూపించేవాళ్లే లేరు. ఆ లెక్కను మీ శాఖ ప్రజల ముందు పెట్టాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

మొదట అద్దె సంగతి చెబుతాను. ఒప్పందం గడువు ముగిసే నెలలో మా ఇంటి యజమాని వచ్చి కూర్చున్నారు. ఆయన మంచి మనిషి, కుళాయి కారుతోందని చెబితే సాయంత్రానికల్లా బాగుచేసే మనిషిని పంపిస్తారు. అద్దె పెంచే మాట ఎత్తడానికి ఆయనే మొహమాటపడ్డారు. చివరకు ఫోను తీసి నాలుగు ప్రకటనలు చూపించి, "బయట ఇప్పుడిలా నడుస్తోందండీ, మీరే చూడండి" అన్నారు. చూశాను. వాటిలో రెండు ఒకే ఇంటివి. ఇద్దరు బ్రోకర్లు వేరువేరుగా పెట్టారు గాని, వంటగది కిటికీలోని పగిలిన అద్దం రెండు ఫొటోల్లోనూ అదే. మూడోది ఐదు నెలల కిందట పెట్టిన ప్రకటన, అంటే అంత అద్దెకు ఇన్నాళ్లూ ఎవరూ దిగలేదన్నమాట. నాలుగోది మంచాలు, బీరువాలతో సహా ఇచ్చే ఇల్లు. ఇదంతా ఆయనకు చూపించాను. ఆయన కాదనలేదు. "మరి అసలు ఎంత నడుస్తోందంటారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆయన అడిగినదానికీ నేను ఇవ్వగలిగినదానికీ మధ్య ఒక అంకె దగ్గర ఇద్దరం ఆగాం. అది న్యాయమైన అద్దె అవునో కాదో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ప్రకటనలో అడిగే ధర ఒకటి, బేరం తెగే ధర మరొకటి. మార్కెట్టు పెరిగే రోజుల్లో రెండోది మొదటిదాన్ని దాటిపోతుంది, తగ్గే రోజుల్లో దానికి చాలా కిందికి దిగుతుంది. మన చేతికి అందేది మాత్రం ఎప్పుడూ మొదటిదే. అద్దెల్లో ఇంకో మెలిక కూడా ఉంది. కొత్తగా దిగేవారు ఒప్పుకునే అద్దె, ఏళ్లుగా ఉంటున్నవారు కడుతున్న అద్దె ఒకేలా కదలవు. అమెరికాలో ధరల సూచీ కోసం ఒక్కో ఇంటి అద్దెను ఆరు నెలలకోసారి సేకరిస్తారు. ఆ ఇళ్లలో ఎక్కువగా ఉండేది పాతవారే కాబట్టి, కొత్త ఒప్పందాల్లో వచ్చిన మార్పు ఆ సూచీలో కనబడటానికి దాదాపు ఏడాది పడుతుందని అక్కడి ఆర్థికవేత్తలు 2022లో లెక్కగట్టి చూపారు. అందుకే "అద్దెలు తగ్గుతున్నాయి" అనే వార్త చదివిన రోజే మన అద్దె పెరగవచ్చు, వార్తా అబద్ధం కాదు, మన అనుభవమూ అబద్ధం కాదు. ఏ అద్దె గురించి మాట్లాడుతున్నామో విడదీసి చెప్పే బాధ్యత లెక్కలు వేసేవారిది.

ఇల్లు కొనేవారి దగ్గరికి వస్తే ఈ గందరగోళం ఇంకా ఎక్కువ. "ఈ ప్రాంతంలో సగటు ధర ఇంత శాతం పెరిగింది" అని చెప్పని బ్రోకరు నాకు తారసపడలేదు. సగటును నాలుగైదు ఖరీదైన బంగళాలు పైకి లాగేస్తాయి. ధరలన్నిటినీ వరుసలో పేర్చి నడిమిదాన్ని తీసుకుంటే, అంటే మధ్యగతం చూస్తే, కొంత నయమే గాని అదీ పూర్తిగా నమ్మదగింది కాదు. ఒక మూడు నెలల్లో చిన్న ఇళ్లు ఎక్కువగా అమ్ముడుపోతే, ఏ ఇంటి ధరా తగ్గకుండానే మధ్యగతం తగ్గుతుంది. ఈ చిక్కు విప్పడానికి, అదే ఇల్లు రెండుసార్లు అమ్ముడైనప్పటి ధరలను పోల్చే పద్ధతిని ఆర్థికవేత్తలు 1963లోనే ప్రతిపాదించారు. 1980ల్లో కార్ల్ కేస్, రాబర్ట్ షిల్లర్ దాన్ని మెరుగుపరిచారు, వారి పేర్లతోనే ఆ సూచీ నేటికీ నడుస్తోంది. పద్ధతి పాతదే, పైగా కొత్త సర్వేలు కూడా అవసరం లేదు. ఏ ఇల్లు ఎప్పుడు, ఎంతకు చేతులు మారిందో రాసిన దస్తావేజులు ఉంటే చాలు. ఆ దస్తావేజులు ఉన్నది ప్రభుత్వం దగ్గరే కదా.

ధర ఒక్కటే తెలిసినా సరిపోదు. అమ్మకానికి ఉన్న ఇళ్లు ఎన్ని, నెలకు అమ్ముడయ్యేవి ఎన్ని అన్నది తెలిస్తే, ఉన్న ఇళ్లన్నీ అమ్ముడుపోవడానికి ఎన్ని నెలలు పడుతుందో తేలుతుంది. ఆరు నెలలకు అటూ ఇటూ ఉంటే మార్కెట్టు సమతూకంలో ఉందని సాధారణంగా అనుకుంటారు. అంతకు బాగా తగ్గితే అమ్మేవారి మాట చెల్లుతుంది, పెరిగితే కొనేవారికి బేరమాడే వీలుంటుంది. వడ్డీ రేట్లు ఈ లెక్కను ఎలా తారుమారు చేస్తాయో అమెరికాలో చూశాం. 2021 జనవరిలో ముప్పై ఏళ్ల స్థిర వడ్డీ గృహరుణంపై సగటు రేటు 2.65 శాతం ఉండగా, 2023 అక్టోబరుకు 7.79 శాతానికి చేరింది. వడ్డీ అంత పెరిగితే ధరలు పడిపోతాయని చాలామంది అనుకున్నారు. కాని చవక వడ్డీకి అప్పు తీసుకున్నవారు ఆ అప్పు వదులుకోవడం ఇష్టంలేక ఇళ్లు అమ్మడం మానేశారు. కొనేవారూ తగ్గారు, అమ్మేవారూ తగ్గారు, ధరలు మాత్రం అనుకున్నంతగా దిగలేదు. ధరను మాత్రమే చూసినవారికి మార్కెట్టు నిలకడగా ఉన్నట్టే అనిపిస్తుంది, నిజానికి అది స్తంభించిపోయింది.

ఇక అమ్మేవారి సంగతి. దీనిమీద కొంచెం ఎక్కువ రాస్తున్నందుకు మన్నించాలి. అద్దెదారుల కష్టం, కొనేవారి కష్టం అందరూ ఒప్పుకుంటారు. అమ్మేవారికి మాత్రం ఏ కష్టమూ ఉండదని ఒక అపోహ ఉంది. అమ్మ ఫ్లాటు చూడటానికి వచ్చిన మొదటి బ్రోకరు గదులన్నీ తిరిగి, ఒక ధర చెప్పి, "ఈ వారంలోనే పార్టీని తెస్తాను" అన్నాడు. రెండోవాడు దానికి బాగా ఎక్కువ చెప్పాడు. మూడోవాడు ఇద్దరినీ తిట్టి, ఇద్దరికీ మధ్యలో ఒక ధర చెప్పాడు. అదే భవనంలో పై అంతస్తు ఫ్లాటు మూడు నెలల కిందటే అమ్ముడైంది. అది ఎంతకు పోయిందో మాకు తెలిస్తే ఈ ముగ్గురిలో ఎవరి మాట నిజమో ఐదు నిమిషాల్లో తేలిపోయేది. అమ్మ ఆ ఇంట్లో ఇరవై ఆరేళ్లు కాపురం చేసింది. "తక్కువకు ఇచ్చేస్తే మీ నాన్న ఊరుకుంటారా" అని ఇప్పటికీ అంటుంది. ఆమెను ఒప్పించడానికైనా, ఆమెతో కలిసి పట్టుబట్టడానికైనా నా దగ్గర ఒక్క కాగితం లేదు.

ఇది మా ఇంటి కథ మాత్రమే కాదు. స్టీవెన్ లెవిట్, చాడ్ సివర్సన్ అనే ఆర్థికవేత్తలు షికాగో శివార్లలో దాదాపు లక్ష ఇళ్ల అమ్మకాలను పరిశీలించి 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. బ్రోకర్లు తమ సొంత ఇళ్లను అమ్ముకునేటప్పుడు, ఖాతాదారుల ఇళ్లకన్నా సుమారు తొమ్మిదిన్నర రోజులు ఎక్కువ ఆగి, దాదాపు 3.7 శాతం ఎక్కువ ధర రాబట్టుకున్నారని అందులో తేలింది. కారణం ఊహించడం కష్టం కాదు. మరికొన్ని రోజులు ఆగితే వచ్చే అదనపు సొమ్ములో బ్రోకరు వాటా కొంచెమే, ఇంటివారి వాటా చాలా. బ్రోకర్లందరినీ తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, వారిలో నిజాయితీగా పనిచేసేవారు నాకు తెలుసు. కాని ఒకరికి తెలిసి మరొకరికి తెలియని చోట, తెలిసినవారికి అనుకూలంగానే బేరం తెగుతుంది. దీనికి మరో వైపు కూడా ఉంది. బోస్టన్‌లో 1990ల నాటి ఫ్లాట్ల అమ్మకాలను పరిశీలించిన డేవిడ్ జెనెసోవ్, క్రిస్టఫర్ మేయర్, నష్టానికి అమ్మవలసి వచ్చినవారు మిగతావారికన్నా ఎక్కువ ధర అడుగుతారని, వారి ఇళ్లు ఎక్కువ కాలం అమ్ముడుపోకుండా ఉంటాయని 2001లో చూపారు. తాము కొన్న నాటి ధర వారి మనసులో పాతుకుపోయి ఉంటుంది. పక్కింటి అమ్మకం ఎంతకు జరిగిందో కళ్లకు కనబడితే, కొందరైనా ఆ పాత అంకెను వదులుకుంటారని నేను నమ్ముతున్నాను.

మంత్రిగారూ, నేను అడుగుతున్నది ఎక్కడా జరగని పని కాదు. ఇంగ్లండ్, వేల్స్ దేశాల్లో 1995 నుంచి జరిగిన ఇళ్ల అమ్మకాల్లో దాదాపు ప్రతిదాని ధరనూ భూ రిజిస్ట్రీ ఉచితంగా ప్రచురిస్తోంది. ఐర్లండులో 2010 జనవరి నుంచి జరిగిన అమ్మకాల తేదీ, ధర, చిరునామాతో 2012లో ఒక బహిరంగ రిజిస్టరు తెచ్చారు. దానికోసం కొత్త దరఖాస్తు ఏదీ పెట్టలేదు, స్టాంపు సుంకం కట్టేటప్పుడు ఇచ్చే వివరాలనే వాడుకున్నారు. సింగపూరు ప్రభుత్వ ఫ్లాట్ల పునర్విక్రయ ధరలు 1990 నుంచీ అందరికీ అందుబాటులో ఉన్నాయి. అద్దెల విషయంలో జర్మనీ ముందుంది. యాభై వేలకు మించి జనాభా ఉన్న ప్రతి పట్టణమూ స్థానిక అద్దెల పట్టిక తయారుచేయాలని 2022 జులై నుంచి అక్కడ చట్టం ఉంది. గడచిన ఆరేళ్లలో కుదిరిన, మారిన అద్దెలే దానికి ఆధారం. అద్దె పెంచాలన్నా, పెంపును కాదనాలన్నా రెండు పక్షాలూ ఆ పట్టికనే ముందు పెట్టుకుంటాయి. న్యూయార్క్ నగరంలో ఖాళీ అద్దె ఇళ్ల శాతాన్ని సర్వే చేసి లెక్కిస్తారు, అది 5 శాతానికి లోపు ఉంటేనే అద్దె నియంత్రణ కొనసాగుతుంది. 2023 సర్వేలో అది 1.41 శాతం, 1968 తర్వాత అంత తక్కువ ఎన్నడూ లేదు. అద్దె నియంత్రణ మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి నేను వెళ్లను. కనీసం లెక్క చూసి నిర్ణయిస్తున్నారు.

అద్దెల వివరాలు బయటపెడితే యజమానులు వాటిని చూపించి ఇంకా పెంచుతారని కొందరు భయపడుతున్నారు. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయను. కాని పెద్ద యజమానుల దగ్గర ఆ వివరాలు ఇప్పటికే ఉంటున్నాయి. యజమానులు తమ రహస్య వివరాలను ఒకచోట చేర్చి, వాటి ఆధారంగా ఒక సాఫ్ట్‌వేర్ చెప్పిన అద్దెలను అమలు చేస్తూ పోటీని దెబ్బతీశారని ఆరోపిస్తూ 2024 ఆగస్టులో అమెరికా న్యాయశాఖ దావా వేసింది. వివరాలు ఒక పక్షం దగ్గరే ఉండటంకన్నా ఇద్దరి దగ్గరా ఉండటమే మేలు.

రెండో అభ్యంతరం మరింత గట్టిది. దస్తావేజులో రాసే ధర ఒకటి, చేతులు మారే సొమ్ము మరొకటి అయిన చోట ఈ రిజిస్టరు ఏం చెబుతుందని అడుగుతారు. నిజమే, మొదటి ఏడాది లెక్కల్లో ఆ లోపం కనబడుతుంది. కాని అదే భవనంలో ఒకే పరిమాణంలో ఉన్న రెండు ఫ్లాట్ల ధరల్లో రెట్టింపు తేడా అందరి కళ్లముందు ఉంటే, దాన్ని ప్రశ్నించే అధికారీ ఉంటాడు, తర్వాత రాసేవాడూ ఆలోచిస్తాడు. ఆ లోపం ఉందనే కారణంతో లెక్కనే దాచిపెడితే అది ఎప్పటికీ సరికాదు.

కాబట్టి నా అభ్యర్థన ఇది. రిజిస్టరైన ప్రతి ఇంటి అమ్మకం తేదీ, ధర, విస్తీర్ణం, ఇల్లు కట్టిన సంవత్సరం, కొనేవారి, అమ్మేవారి పేర్లు లేకుండా, మూడు నెలలకోసారి ప్రచురించండి. అద్దెల విషయంలో ఒక్కో ఇంటి వివరం ఇవ్వనక్కరలేదు. ప్రాంతంవారీగా, గదుల సంఖ్యవారీగా మధ్యగతం, దానితోపాటు అద్దెల వరుసలో కింది పావు ఎక్కడ ముగుస్తుందో, పై పావు ఎక్కడ మొదలవుతుందో చెప్పే అంకెలు చాలు. కొత్త ఒప్పందాలను, కొనసాగింపులను మాత్రం తప్పక విడదీసి చూపించండి, ఎన్ని ఒప్పందాల మీద ఆ అంకె తేలిందో పక్కనే రాయండి. పది ఒప్పందాలు కూడా లేని చోట అంకె ఇవ్వకుండా ఖాళీ వదిలేయండి, తప్పు అంకెకన్నా అది నయం. రాష్ట్రమంతటికీ ఒకేసారి సాధ్యం కాకపోతే ఒక్క పట్టణంతో మొదలుపెట్టండి. ఆ మొదటి పట్టిక ఎప్పటిలోగా వస్తుందో ఒక తేదీ చెప్పమని కోరుతున్నాను.

మా ఇంటి ఒప్పందం మళ్లీ పది నెలల్లో ముగుస్తుంది. అమ్మ ఫ్లాటు ఇంకా అమ్ముడుపోలేదు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక అద్దెదారు