నవంబర్ 11న పొజ్‌నాన్ వెళ్తున్నాం, పేర్లు ఇవ్వండి

అందరికీ నమస్తే!

నవంబర్ 11 పోలండ్ స్వాతంత్ర్య దినం. పొజ్‌నాన్‌లో అదే రోజు సెయింట్ మార్టిన్ పండగ. ఆయన పేరున్న వీధంతా తిండి స్టాళ్లు, గుర్రం మీద మార్టిన్ వేషధారితో ఊరేగింపు. పోలండ్‌లో ఉంటూ ఇది చూడకపోతే ఎలా!

వార్సా సెంట్రల్ స్టేషన్‌లో ఉదయం 7కి కలుద్దాం. టికెట్లు ఎవరివి వాళ్లే, ఈ వారంలోనే తీసుకోండి. 26 ఏళ్లలోపు స్టూడెంట్లకి 51 శాతం తగ్గింపు. కార్డు మర్చిపోవద్దు.

తప్పక తినాల్సింది రొగల్. తెల్ల గసగసాలు, నట్స్ కూరిన నెలవంక లాంటి తీపి రొట్టె. ఒక్కోటి 150 నుంచి 250 గ్రాములు, ఇద్దరికి ఒకటి సరిపోతుంది. సర్టిఫికెట్ ఉన్న బేకరీలోనే కొందాం, అసలు రుచి అక్కడే. నట్స్ పడనివాళ్లు, గుడ్డు తిననివాళ్లు దీని జోలికి వెళ్లొద్దు.

శాకాహారులకి బంగాళదుంప, పనీర్ లాంటి జున్ను పెట్టిన పియెరోగి (కజ్జికాయల్లా మడిచి ఉడికించేవి) ఉంటాయి. పైన పంది కొవ్వు ముక్కలు వేస్తారు, వద్దని ముందే చెప్పండి. సాసేజ్‌లు ఎక్కువగా పంది మాంసమే.

సెలవు కాబట్టి సూపర్‌మార్కెట్లు మూసేస్తారు. నీళ్లు ముందురోజే కొనుక్కోండి. సాయంత్రం నాలుగున్నరకే చీకటి, చలి. జాకెట్, కొంచెం క్యాష్ ఉండాలి.

వచ్చేవాళ్లు ఆదివారంలోగా ఇక్కడే పేరు పెట్టండి. పిల్లలుంటే అదీ రాయండి.